సంబూక్ టీమ్ పోచన్న

పోచన్న నాకు మొదట చొక్కాల వల్లనే పరిచయం. ఒమన్‌లోని సూర్‌లో గ్యాస్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కొత్త. మా ఆవిడ శేషుకుమారి ఇంకా తణుకులోనే ఉంది. వారానికి ఆరు చొక్కాలు మా వీధి చివరి లాండ్రీలో వేసేవాణ్ని. మూడోవారం కాబోలు, కౌంటర్ వెనక ఇస్త్రీ చేస్తున్న మనిషి తలెత్తి, "రావు సారూ, మీరు ఎడమచెయ్యి బల్ల మీద ఆనిచ్చి కూసుంటరా?" అని తెలుగులో అడిగాడు. రసీదు మీద నా పేరు చూసి తెలుగువాణ్నని పట్టుకున్నాడు సరే, చెయ్యి సంగతి ఎలా తెలిసిందన్నాను.

"ఎడమ మోచెయ్యి కాడ బట్ట పల్సవడ్డది సారూ."

కోరుట్ల దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి ఊరందరి బట్టలూ ఉతికేవాడట. ఆ రేవులో నిలబడటం ఇష్టంలేక పోచన్న గల్ఫ్ వచ్చాడు. సోహార్‌లో బిల్డింగ్ పని. మూడో ఏట పరంజా మీదినుంచి పడి కుడి మోకాలు దెబ్బతింది. ఇక బరువులు మోయలేడని కంపెనీ ఇంటికి పంపేయబోతుంటే, సూపర్‌వైజర్ ఒకాయన జాలిపడి సూర్‌లో తనకు తెలిసిన అర్బాబ్‌కి, అంటే యజమానికి, ఫోన్ చేశాడు. ఆ అర్బాబ్‌ది లాండ్రీ. "ఏ పనికి భయపడి సముద్రం దాటిన్నో, గదే పని ఈడ నాకోసం కూసున్నది" అని పోచన్న నవ్వేవాడు. ఆ నవ్వులో పెద్ద బాధేమీ ఉండేది కాదు. పనిలో మాత్రం మహా నేర్పరి. ఒమానీలు తొడిగే తెల్లటి పొడుగు అంగీలు, దిష్‌దాషాలు, గంజిపెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడేవి. వాళ్ళ కుట్టుపని టోపీలు, కుమ్మాలంటారు, వాటి మడతలు అంత నీటుగా తీర్చేవాడు సూర్‌లో ఇంకొకడు లేడనేవారు.

శనివారం పొద్దున ఆ లాండ్రీకి ఒక పెద్ద సంచి వచ్చేది. అల్ సంబూక్ క్లబ్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు. సంబూక్ అంటే సూర్ వాళ్ళు తరతరాలుగా కడుతున్న తెరచాప పడవ. జెర్సీలు నేరేడుపండు రంగువి, ఛాతీ మీద చిన్న తెల్ల పడవ. ఆ రంగు దిగిపోయి పడవ ఊదాగా మారుతుందని పోచన్న వాటిని మెషీన్‌లో వెయ్యనిచ్చేవాడు కాదు. చన్నీళ్ళలో ఉప్పు వేసి, విడివిడిగా, చేత్తో ఉతికేవాడు. మెషీన్ చూసుకునే పాకిస్తానీ ముర్తుజాకి అది పిచ్చిలా కనిపించేది.

ఏ జెర్సీ ఎవరిదో, వాళ్ళెలా ఆడారో పోచన్న బట్ట చూసి చెప్పేవాడు. "ఆడినోని బట్ట ఉప్పు తేల్తది సారూ. వీపు మీద తెల్లగ మరక గడుతది. ఆడనోని బట్ట సెంటు వాసన అట్లనే ఉంటది." మొదట్లో ఆటగాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో అతనికి తెలియదు. నంబర్లే తెలుసు. ఏడో నంబరు వాడు ఎప్పుడూ ఎడమపక్కకే పడతాడు, గోల్‌కీపర్ పచ్చిమిరపకాయ పచ్చడి లాంటిదేదో తిని చేతులు తుడుచుకుంటాడు, ఇలా.

మైదానానికి మొదటిసారి వెళ్ళింది కూడా బట్టల కోసమే. ఒక శుక్రవారం డ్రయర్ చెడిపోయి జెర్సీలు ఆలస్యమయ్యాయి. మ్యాచ్ నాలుగున్నరకి. పోచన్న సంచి భుజానేసుకుని కుంటుకుంటూ నడిచి వెళ్ళి క్లబ్ మనిషికిచ్చాడు. తిరిగి వచ్చేస్తుంటే సిమెంటు మెట్ల మీదినుంచి ఒక ముసలాయన "తాల్, తాల్" అని చెయ్యూపాడు. రమ్మని. పోచన్న వెనక్కి చూశాడు, ఇంకెవరినో అనుకుని. ఆయన పిలిచింది ఇతన్నే.

ఆయన పేరు ఫహద్. వయసులో ఉన్నప్పుడు పడవల మీద బొంబాయి, కాలికట్ తిరిగినవాడు కాబట్టి హిందీ బాగానే వచ్చు. ఫ్లాస్కులోంచి కహ్వా కాఫీ పోసి, రెండు ఖర్జూరాలు చేతిలో పెట్టి, పేరడిగాడు. అరబ్బీలో 'ప' పలకదు కదా, పోచన్న కాస్తా 'బోచన్' అయ్యాడు. ఆ రోజు సంబూక్ చివరి నిమిషంలో రెండో గోల్ వేసి గెలిచింది. గోల్ వేసినవాడు ఏడో నంబరు, ఎడమపక్కకి పడుతూ తన్నాడు. పోచన్న లేచి నిలబడి అరిచాడట. ఏమని అరిచాడో తనకే తెలియదన్నాడు.

"ఒమన్‌కొచ్చి నాలుగేండ్లయింది సారూ అప్పటికి. గొంతు తెరిచి మొర్రవెట్టిన్నా అంటే గా దినమే."

అది రెండువేల పన్నెండో సంవత్సరం చలికాలం. అప్పుడు సంబూక్ పై డివిజన్‌లో ఉంది. మంచి జట్టేమీ కాదు గాని తలెత్తుకుని తిరిగేది. రెండేళ్ళకు కింది డివిజన్‌కి జారింది. గెలుపంటే ఏమిటో పోచన్న చూసింది ఆ రెండేళ్ళే అనాలి. ఆ తర్వాత పదేళ్ళు అతను చూసినవన్నీ దాదాపు ఓటములే. మంచి ఆటగాళ్ళు మస్కట్ క్లబ్బులకు వెళ్ళిపోయారు. కోచ్‌లు ఏడాదికొకరు మారారు. మెట్ల మీద జనం పలచబడ్డారు. పోచన్న, ఫహద్ మాత్రం అక్కడే, ఎండ వీపున కొట్టే వైపు, పైనుంచి మూడో మెట్టు మీద.

నేను కూడా అప్పుడప్పుడు వెళ్ళి కూర్చునేవాణ్ని. ఆట కోసం కాదు, వీళ్ళిద్దరి కోసం. ఓడిన రోజు వాళ్ళు తిట్టుకునే తిట్లలో సగం హిందీ, సగం అరబ్బీ, గోల్‌కీపర్ దాకా వచ్చేసరికి అచ్చ తెలుగు. ఆ తెలుగు తిట్లు ఫహద్‌కి ఇష్టం. మళ్ళీ చెప్పించుకునేవాడు.

లాండ్రీలో మాత్రం పోచన్నకు శనివారం నరకం. ముర్తుజా క్రికెట్ మనిషి. సంచి విప్పుతూనే, "ఎన్ని తిన్నారు నిన్న మీవాళ్ళు?" అనేవాడు. రూమ్‌లో ఉండే నిజామాబాద్ వాళ్ళూ అంతే. "అరబ్బోళ్ల టీమ్ ఓడిపోతే నువ్వు బువ్వ మానేసుడేందే?" అనేవాళ్ళు. పోచన్న నిజంగానే తినేవాడు కాదు.

ఒకసారి నేనూ అడిగాను. చేతిలో ఉన్న చొక్కా ఇస్త్రీ ముగించి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "నాకు గూడ సమజ్ గాదు సారూ. రూమ్ అర్బాబ్‌ది. బతాకా కార్డు సర్కారుది. ఈ బట్టలు మందియి. ఇంటికాడికి పోతె రెండు నెలలు సుట్టం లెక్క జూస్తరు. వీళ్లు ఓడిన్నాడు గుండెల ఏదో పిసికినట్టయితది సూడు, అది మాత్రం ఎవ్వలియ్యలే. నాదే." మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుని, "గెలిస్తె బాగుండు గని" అన్నాడు.

గెలిచే అవకాశం ఒక్కసారి వచ్చింది. రెండువేల పంతొమ్మిదో సంవత్సరం. ఎలా కుదిరిందో గాని, ఆ సీజన్ వచ్చిన ఒక కోచ్, ముగ్గురు కుర్రాళ్ళు జట్టుని పైకి లాక్కొచ్చారు. చివరి మ్యాచ్ సూర్‌లోనే. గెలిస్తే మళ్ళీ పై డివిజన్. ఆ మ్యాచ్‌కి ఆరు రోజుల ముందు పోచన్నకు ఇంటికి టిక్కెట్టుంది. రెండేళ్ళకొకసారి వచ్చే సెలవు. అతని ఒక్కగానొక్క కూతురు సింధూజ కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది. తెల్ల బట్టలు కట్టుకుని, చేతిలో దీపం పట్టుకుని ప్రమాణం చేసే రోజు ఆ వారమే. బాపు రావాలని ఆ పిల్ల ఏడాది ముందునుంచి చెబుతోంది.

పోచన్న టిక్కెట్టు పది రోజులు వాయిదా వేయించాడు. అర్బాబ్ సెలవు ఇవ్వలేదని భార్య కమలవ్వకు ఫోన్‌లో చెప్పాడు. నిజానికి అర్బాబ్ అప్పటికే పాస్‌పోర్ట్ చేతికిచ్చి, ఇంటికి పట్టుకెళ్ళమని హల్వా డబ్బా కూడా కొనిపెట్టాడు.

ఆ శుక్రవారం నేనూ ఉన్నాను. మెట్లన్నీ నిండాయి. ఎనభయ్యెనిమిదో నిమిషం దాకా గోల్ లేదు. అవతలివాళ్ళు కొట్టిన బంతిని అడ్డుకోబోయి మన నాలుగో నంబరు తన గోల్‌లోకే తన్నేశాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, సూర్ వాడే. అక్కడే కూర్చుండిపోయి జెర్సీ గల్లా పళ్ళతో కొరికాడు. ఫహద్ తల మీది కుమ్మా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జనం వెళ్ళిపోయాక కూడా పోచన్న మెట్టు మీంచి లేవలేదు. మర్నాడు ఆ జెర్సీ లాండ్రీకి వచ్చింది, గల్లా చిరిగి. అదే రంగు దారం కోసం దుకాణాలు తిరిగి తెచ్చి, కుట్టు కనబడకుండా కుట్టాడు.

తర్వాత ఇంటికి వెళ్ళాడు. సెలవు పూర్తయి తిరిగొచ్చాక ఒక రోజు, షాపులో ఎవరూ లేనప్పుడు, నాకీ సంగతంతా చెప్పాడు. అప్పటిదాకా టిక్కెట్టు విషయం నాకూ తెలియదు.

"దీపం పట్టుకున్న ఫోటో ఫ్రేమ్ కట్టిచ్చి గోడకు వెట్టిన్రు సారూ. బువ్వ తిందామని కూసుంటె ఎదురుంగ గదే. పన్నెండో నాడు ఇగ నాతోటి కాలే. మోటర్ కాడ నీళ్లు వడుతున్నది బిడ్డ. పోయి చెప్పిన. అర్బాబ్ సెలవు ఇచ్చిండు బిడ్డా, నేనే ఆగిన, ఆట కోసం ఆగిన అని."

"ఏమంది?"

"బిందె నిండి పొర్లిపోతున్నది, సూస్తలేదు. అప్పుడు అడిగింది, గెలిచిన్రా బాపూ? అని. లేదు బిడ్డా అన్న. 'అయితే రెండూ పాయె' అన్నది. గంతే. మల్ల ఎన్నడు గా ముచ్చట తియ్యలే. తల్లికి గూడ చెప్పలే."

అతని కళ్ళలో నీళ్ళు లేవు. ఇస్త్రీపెట్టె చల్లారిపోయి చాలాసేపయింది, చూసుకోలేదు.

కరోనా వచ్చి ఆటలు ఆగిపోయాయి. మళ్ళీ మొదలయ్యేసరికి ఫహద్ చూపు బాగా మందగించింది. షుగర్. మనిషి ఆకారం తెలుస్తుంది గాని బంతి కనబడదు. అయినా రావడం మానలేదు. కొడుకు సాలెం కారులో తెచ్చి దింపి, ఆటయ్యాక వచ్చి తీసుకెళ్ళేవాడు. పోచన్న పక్కన కూర్చుని బంతి ఎక్కడుందో చెప్పేవాడు. ఇప్పుడు కుడివైపు పోయింది చాచా, ఇప్పుడు తొమ్మిదో నంబరు దగ్గరుంది, ఇప్పుడు పోయింది, ఇలా తొంభై నిమిషాలు, హిందీలో. గొంతు పోయేది.

ఒకసారి సంబూక్ మూడు గోల్స్ వెనకబడి ఉంది. మనవాడొకడు తన్నిన బంతి గోడ దాటి రోడ్డు మీద పడింది. పోచన్నకేమనిపించిందో, "గోల్ స్తంభానికి తగిలింది చాచా, వెంట్రుకవాసిలో తప్పింది" అన్నాడు. ఫహద్ తల తిప్పి అతని వైపు చూశాడు. స్తంభానికి తగిలితే చప్పుడు వస్తుందన్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్న మాట పోచన్న నాకు చాలాసార్లు చెప్పాడు: "బోచన్, ఇంట్లో అందరూ నాకు చంటిపిల్లాడికి చెప్పినట్టు చెబుతారు. డాక్టర్ ఏమన్నాడో చెప్పరు. చేపల ధర చెప్పరు. నువ్వొక్కడివీ ఉన్నది ఉన్నట్టు చెప్పు." పోచన్న చెవులు పట్టుకుని ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. అదేమీ తేలికైన పని కాదు. జట్టు ఇంకో మెట్టు దిగి ఆఖరి డివిజన్‌లో పడింది. కొన్ని రోజులు పదకొండు మంది కుదరక గోల్‌కీపర్‌ని ముందుకు పంపి ఆడించేవారు. శనివారం వచ్చే సంచి తేలికైపోయింది. పోచన్న అది ఎత్తి చూసి, బరువు తగ్గిందని గొణుక్కునేవాడు.

పోయినేడాది మార్చిలో క్లబ్ గేటుకి కాగితం అంటించారు. వచ్చే సీజన్ నుంచి ఫుట్‌బాల్ జట్టు ఉండదు, వాలీబాల్, పిల్లల శిక్షణ మాత్రం నడుస్తాయి. అరబ్బీ చదవడం రాక పోచన్న దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి తెచ్చి కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళకల్లా చూపించి చదివించుకున్నాడు. ముగ్గురు చదివారు. ముగ్గురూ అదే చెప్పారు. ఆ రోజు ముర్తుజా ఏమీ ఎగతాళి చెయ్యలేదట. టీ తెచ్చి పక్కన పెట్టాడట.

ఆఖరి మ్యాచ్ ఏప్రిల్లో. ఫహద్ అప్పటికి మస్కట్‌లో గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చి మంచం మీద ఉన్నాడు. పోచన్న ఒక్కడే వెళ్తాడని నేను తోడు వెళ్ళాను. లెక్కపెట్టాను, మాతో కలిపి చూసేవాళ్ళు తొమ్మిది మంది. సముద్రం మీదినుంచి వేడిగాలి. గెలిచినా ఓడినా ఆ మ్యాచ్‌తో తేలేదేమీ లేదు. మొదటి సగంలోనే మూడు గోల్స్ పడ్డాయి. అయినా మన కుర్రాళ్ళు పరిగెత్తడం ఆపలేదు. నాలుగో నంబరు, అప్పుడు గల్లా కొరుక్కున్నవాడే, ఇప్పుడు కెప్టెన్. గడ్డం పెరిగి పెద్దమనిషయ్యాడు. డెబ్బయ్యో నిమిషంలో కూడా వెనక్కీ ముందుకీ ఒకటే పరుగు. పోచన్న అలవాటుకొద్దీ పెదాలు కదుపుతున్నాడు, బంతి ఎక్కడుందో ఎవరికో చెబుతున్నట్టు.

నాలుగు సున్నా. విజిల్ ఊదాక జట్టంతా మెట్ల వైపు నడిచొచ్చి మా తొమ్మిది మందికి చప్పట్లు కొట్టింది. కెప్టెన్ పోచన్న వైపు చెయ్యెత్తి, "షుక్రాన్, సదీఖ్" అన్నాడు. థాంక్స్, దోస్తు అని.

దారిలో పోచన్న అన్నాడు, "వాళ్ల బట్టలుతికెటోన్ని నేనే అని ఆయనకెరుక లేదు సారూ. ఆట సూడ ఒచ్చెటోన్నని సలాం జేసిండు."

మర్నాడు ఆ ఆఖరి సంచి వచ్చింది. ఉతికాడు. అన్నీ ఇస్త్రీ చేసి, నంబర్ల వరసలో మడిచి, క్లబ్‌కి మోసుకెళ్ళాడు. ఆఫీసు తాళం వేసి ఉంది. వాచ్‌మన్ ఆ మూటని చిరిగిన నెట్లు, పాత కోన్లు పడేసిన గదిలో ఒక మూల పెట్టించాడు.

ఆ సాయంత్రం ఫహద్‌ని చూడ్డానికి వెళ్ళాం. కారు నాది. సముద్రపు పాయ అవతల అయిజాలో వాళ్ళ ఇల్లు. గుమ్మంలో సాలెం మమ్మల్ని ఆపాడు. మర్యాద తెలిసిన మనిషి, హైస్కూల్ మాస్టరు. "నాన్నకి క్లబ్ విషయం చెప్పలేదు. మీరూ చెప్పకండి. గుండె తట్టుకోదు" అన్నాడు. పోచన్న తలూపాడు.

ఫహద్ దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. గొంతు వినగానే ముఖం విప్పారింది. వాళ్ళు హిందీలో మాట్లాడుకున్నది తెలుగులో రాస్తున్నాను.

"బోచన్! నిన్న ఏమైంది?"

"ఓడిపోయాం చాచా. నాలుగు."

"నాలుగా! ఆ గోల్‌కీపర్‌ని మీ భాషలో తిట్టావా?"

"తిట్టలేదు చాచా."

"పోనీలే. సెప్టెంబర్ రానీ. నేను లేచి తిరుగుతాను అప్పటికి. కొత్త కోచ్ వస్తాడేమో."

పోచన్న మాట్లాడలేదు. గుమ్మం దగ్గర సాలెం వద్దన్నట్టు చెయ్యి కదిపాడు. ఫహద్‌కి అది కనబడదు. కాని పోచన్న మౌనం వినబడింది. "ఏమిటి?" అన్నాడు. "బోచన్, ఏమిటి?"

నేను పోచన్న మోచెయ్యి పట్టుకున్నాను. వదిలించుకోలేదు, అలాగే ఉండి, "చాచా, సెప్టెంబర్లో టీమ్ లేదు. క్లబ్ తీసేసింది. నిన్నటిదే ఆఖరిది" అన్నాడు.

ముసలాయన దుప్పటి అంచుని రెండు వేళ్ళతో రుద్దుతూ ఉండిపోయాడు. బయట ఎవరో కారు తలుపు వేసిన చప్పుడు. చివరికి, "అయితే చెప్పు. మొదటినుంచి చెప్పు" అన్నాడు.

పోచన్న మంచం పక్కన కింద కూర్చుని ఆ మ్యాచ్ మొత్తం చెప్పాడు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ బంతి ఎటు పోయింది, గాలి ఎటు వీచింది. ఓడిన నాలుగు గోల్సూ చెప్పాడు, ఒక్కటీ తగ్గించలేదు. ఆఖర్న, "పొద్దున బట్టలు ఉతికాను చాచా. అన్నిటి వీపు మీదా ఉప్పు తేలింది. ఒక్కదాంట్లో సెంటు వాసన లేదు" అన్నాడు.

"పదకొండింటికీనా?"

"మధ్యలో మార్చి దింపిన ముగ్గురివి కూడా."

ఫహద్ "అల్‌హందులిల్లాహ్" అని కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

సాలెం మమ్మల్ని గేటుదాకా సాగనంపాడు. గొంతు పెంచలేదు. "రోజూ పూట పూటకీ సెప్టెంబర్ పేరు చెప్పి అన్నం తినిపిస్తున్నాను. రేపటినుంచి ఏం చెప్పి తినిపించమంటావు?" అన్నాడు.

పంతొమ్మిది రోజులకు ఫహద్ పోయాడు.

మూడు రోజుల పరామర్శలో రెండో రోజు వెళ్ళాం. మసీదు పక్క హాల్లో గోడ పొడుగునా మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. వరసగా చేతులు కలుపుతూ వెళ్ళాలి. సాలెం అందరికీ ఇచ్చినట్టే పోచన్నకీ చెయ్యి ఇచ్చాడు, చూపు మాత్రం అతని భుజం మీదుగా వెనకవాడి మీద ఉంది. ఎప్పుడూ పోచన్న దగ్గరికే వచ్చే ఆ ఇంటి దిష్‌దాషాలు ఆ తర్వాత రాలేదు. బజారు వైపున్న వేరే లాండ్రీలో వేస్తున్నారని ముర్తుజా చెప్పాడు.

నెలరోజుల తర్వాత పోచన్న నన్నడిగాడు, "నా మాటతోనే పాయెనా సారూ ఆయన?"

ఆపరేషన్ తర్వాత గుండె సగమే పనిచేస్తోందని, డాక్టర్లు ముందే ఆశ వదులుకున్నారని, నాకు తెలిసిందంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "డాక్టర్ల లెక్క గాదు సారూ నేనడిగేది" అన్నాడు.

సింధూజ ఇప్పుడు కరీంనగర్‌లో ఒక ఆస్పత్రిలో నర్సు. ఆ పిల్లకూ ఫోన్‌లో చెప్పుకున్నాడట. "చెప్పుడే మంచిగైంది బాపూ. దాస్తె గూడ పేషెంట్లకు ఎరుకైతనే ఉంటది, వాళ్లు ఒక్కలే కుములుతుంటరు" అన్నదట. ఆ మాట నాకు చెప్పి, "బిడ్డ నా తండ్లాట సూడలేక అన్నది" అన్నాడు. మళ్ళీ చొక్కా మడతలో పడ్డాడు.

మళ్ళీ అదే పరిస్థితి వస్తే చెబుతావా అని అడగాలని నాకు చాలాసార్లు అనిపించింది. అడగలేదు. ఒక రోజు తనే అన్నాడు: "మల్ల అడిగితె మల్ల గదే చెప్త సారూ. చెప్పినంక ఇట్లనే ఉంట."

ఈ చలికాలం ఒక శుక్రవారం నేను బలవంతపెట్టి ఊళ్ళో ఇంకో క్లబ్ మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. అది మంచి జట్టు, పై డివిజన్. జనం, డప్పులు, జెండాలు. ఇరవై నిమిషాల్లో రెండు గోల్స్ వేశారు. చుట్టూ అందరూ లేచి గంతులేస్తుంటే పోచన్న కూర్చునే చప్పట్లు కొట్టాడు, పెళ్ళివారింట్లో పరాయి మనిషిలా. సగం ఆటకి విరామం ఇవ్వగానే మోకాలు పట్టేసిందని లేచాడు. నేనూ వెంట వచ్చాను. గేటు బయట పడవల రేవు వైపు నడుస్తున్నాం. వెనక మైదానంలో ఇంకోసారి పెద్ద కేక లేచింది. మూడో గోల్ అయ్యుంటుంది.

పోచన్న ఆగలేదు. "మంచిగ ఆడుతున్నరు సారూ పోరగాండ్లు" అన్నాడు, ముందుకు చూస్తూనే.